చలనచిత్రమునకు పాఠపరిష్కరణము : సత్యజిత్ రాయ్ చిత్రముల ప్రతులకై నిరీక్షణము

ప్రాచీనకావ్యమును విమర్శింపబూనినవాడు తొలుత తా నే ప్రతిని ఆధారముగ గైకొనెనో చెప్పుట మన పరిశోధనారంగమున స్థిరపడిన సంప్రదాయము. తాళపత్రప్రతు లెన్ని లభించినవి, వానిలో శిథిలము లెన్ని, ఏ పద్యము ఏ ప్రతియందు లేదు అను విషయములను పీఠికలో తెలుపనివాని పాండిత్యము ఎంత గొప్పదైనను పరీక్షకులు దానిని అనుమానముతోనే చూతురు. ఈ సంప్రదాయము చలనచిత్రవిమర్శ కింకను సోకలేదు. ఇటీవల మన విశ్వవిద్యాలయములందు చలనచిత్రములను, చిత్రగీతములను, తెఱ కెక్కిన నవలలను విషయముగ గొని సిద్ధాంతవ్యాసములు వెలువడుచున్నవి. అది సంతోషింపదగినదే. కాని అట్టి వ్యాసములు పెక్కింటిలో వ్యాసకర్త తాను చూచిన ప్రతి టెలివిజనులో ప్రసారమైనదో, బజారున దొరకిన డిస్కో, మిత్రు డిచ్చిన నకలో చెప్పడు. చిత్రము పేరు, దర్శకుని పేరు, విడుదలైన సంవత్సరము వ్రాసి నేరుగా రసవిచారమునకు దిగును.

విచిత్రమేమనగా, విద్వాంసులు చేయని ఈ ప్రతివిచారమును చలనచిత్రాభిమానులు చేయుచున్నారు. ఒక గొప్ప దర్శకుని చిత్రము ఇంట చూచుకొనదగిన డిస్కుగా ఎప్పుడు వెలువడును? అది మూలనెగటివు నుండి తీసినదా, ప్రింటునుండి తీసినదా? శుభ్రపఱచినవా రెవరు? నిడివిలో ఎన్ని నిమిషములు తగ్గినవి? ఈ ప్రశ్నలు వేయుచు వారు ఏండ్ల తరబడి ఎదురుచూతురు. డిస్కు చేతికి వచ్చిన నాడు పాతదానిని క్రొత్తదానిని ప్రక్కప్రక్కన నుంచి ఫ్రేమునకు ఫ్రేము సరిచూతురు. లోకము దీనిని వ్యామోహ మనును. వ్యామోహము కొంత లేకపోలేదు. అయినను ఈ నిరీక్షణములో పాఠవిమర్శకు బీజము కలదని మా అభిప్రాయము. సత్యజిత్ రాయ్ చిత్రముల ప్రతులకు పట్టిన గతిని పరిశీలించినచో ఈ మాట స్పష్టపడును.

రాయ్ తొలిచిత్రమగు ‘పథేర్ పాంచాలి’ 1955 మే నెలలో న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాలయందు ప్రథమముగ ప్రదర్శింపబడి, ఆగస్టులో కలకత్తాలో విడుదలయ్యెను. 1956లో ‘అపరాజితో’, 1959లో ‘అపూర్ సంసార్’ వెలువడినవి. ఈ మూటిని కలిపి అపూ చిత్రత్రయ మందురు. ‘అపరాజితో’కు 1957లో వెనిస్ ఉత్సవమున స్వర్ణసింహము లభించెను. ఇంత కీర్తి గడించిన చిత్రముల నెగటివులు మాత్రము మన ఉష్ణదేశపు గదులలో, తేమకు వేడికి లోనై, ప్రింటు మీద ప్రింటు తీయుటవలన గీతలు పడి, దినదినము క్షీణించుచునే యుండెను. 1992 మార్చిలో రాయ్‌కు గౌరవ ఆస్కారు ప్రదానమైనపుడు ఆ సభలో చూపుటకు చిత్రఖండములను సమకూర్పబోయిన వారికి దొరకిన ప్రింట్లు హీనస్థితిలో నున్నట్లు తేలెను. ఆ యేప్రిలు 23వ తేదీన రాయ్ మరణించెను. అటుపిమ్మట డేవిడ్ షెపర్డ్ అను చిత్రసంరక్షకుడు భారతదేశమునకు వచ్చి నెగటివులను పరీక్షించెను. వానిని విదేశమున బాగుచేయింప సంకల్పము జరిగెను.

సంకల్పము మంచిదే. విధి వేఱుగ నుండెను. నకళ్ళు తీయుటకై లండనులోని హెండర్సన్ ప్రయోగశాలకు పంపిన నెగటివులు 1993 జులైలో అచ్చట జరిగిన అగ్నిప్రమాదమున చిక్కుకొనినవి. రాయ్ చిత్రములు అనేకము కాలెను. అందు అపూ చిత్రత్రయపు మూలనెగటివులును గలవు. కాలగా మిగిలిన రీళ్ళను అమెరికాలోని అకాడమీ చిత్రభాండాగారమునకు చేర్చిరి. వానిని బాగుచేయు ఉపాయము ఆ కాలమున నెవరికిని తెలియదు. అయినను వారు పాఱవేయలేదు. మాడిన అంచులతో, కరగి ముద్దయైన అతుకులతో ఆ రీళ్ళు ఇరువది యేండ్లు భద్రముగ నుండెను. చెదలు తినగా మిగిలిన తాటాకు ముక్కలను మూటగట్టి అటకపై నుంచిన పండితుల కుటుంబములు మన దేశమున నెన్ని లేవు? ఎప్పుడో ఎవరో వచ్చి చదువుదురను విశ్వాసము తప్ప ఆ మూటకు వేఱు విలువ లేదు. ఈ మొత్తము కథలో మా కత్యంతము పూజ్యముగ దోచిన ఘట్ట మిదియే.

2013 ప్రాంతమున అమెరికాలోని క్రైటీరియన్ సంస్థ అకాడమీతో కలిసి ఈ పనికి పూనుకొనెను. ఇటలీలోని బొలోన్యా నగరమున ‘లిమ్మాజినె రిత్రొవాత’ అను ప్రయోగశాల గలదు. అచ్చటి నిపుణులు ఎండి పెళుసెక్కిన ఫిల్మునకు మరల తేమ పట్టించి, అంటుకొనిన జిగురును తుడిచి, ఫిల్ము అంచున నుండు రంధ్రములను చేతితో బాగుచేసి, యంత్రమునకు ఎక్కించుటకు పూర్వమే దాదాపు వేయి గంటలు శ్రమించిరి. ఫలితముగ ‘పథేర్ పాంచాలి’ మూలనెగటివులో సుమారు 40 శాతము, ‘అపరాజితో’ నెగటివులో 60 శాతమునకు మించి ఉపయోగమునకు వచ్చెను. ‘అపూర్ సంసార్’ నెగటివు మిగిలినంత మట్టుకు పనికిరానిదిగ తేలెను. కొఱతపడిన భాగములను వివిధ భాండాగారములలో నున్న నకలు నెగటివులనుండి, మేలిప్రింట్లనుండి గ్రహించి పూరించిరి. పరిష్కృతమైన చిత్రములు 2015 మే నెలలో, అఱువది యేండ్లకు పూర్వము ‘పథేర్ పాంచాలి’ తొలిసారి ప్రదర్శితమైన ఆ కళాప్రదర్శనశాలయందే చూపబడినవి. నవంబరులో డిస్కులు వెలువడినవి.

ఇంత శ్రమవలన విమర్శకునకు లభించిన దేమి? ఈ ప్రశ్నకు సామాన్యముగ చెప్పుట సులభము. ఒక్క దృశ్యమును పట్టుకొని చెప్పుట మేలు. ‘అపరాజితో’లో హరిహరుని కుటుంబము కాశిలో నివసించు ఇల్లు గలదు. ఆ ఇంటి ముంగిలి కాశిలోనిది కాదు, కలకత్తా స్టూడియోలోనిది. వానలకు వెఱచి దానిని ఆరుబయట కట్టక కళాదర్శకుడు బంసీ చంద్రగుప్త స్టూడియో లోపలనే నిర్మించెను. కప్పులేని ముంగిలిలోనికి ఆకాశమునుండి దిగు వెలుగునకు గట్టి నీడ యుండదు. స్టూడియో దీపములు నిలిపిన చోటెల్ల నీడలు పడును. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర సెట్టు పైన చట్రమునకు బిగించిన తెల్లని గుడ్డను పఱపించి, దీపములను నటులపైకి గాక ఆ గుడ్డపైకి త్రిప్పి, అటనుండి మరలిపడు వెలుగులో దృశ్యములను చిత్రించెను. చూపరులకు అది నిజముగ కాశిలోని ఇల్లే యనిపించెను.

ఈ వెలుగు స్వభావ మంతయు నలుపు తెలుపుల నడుమ నుండు బూడిదవన్నె మెట్లలో నున్నది. గోడ యొక తీరు, సర్వజయ చీర యొక తీరు, ఆమె ముఖ మొక తీరు. నెగటివునుండి ప్రింటు, ప్రింటునుండి నకలు నెగటివు, దానినుండి మఱల ప్రింటు తీసినకొలది ఈ మెట్లు తగ్గును. తెలుపు మఱింత తెల్లనై, నలుపు మఱింత నల్లనై, నడుమనున్నది నశించును. లేఖకునినుండి లేఖకునకు పోవుకొలది అర్ధానుస్వారములు జాఱి, శకటరేఫములు చెడి, యతిస్థానములు తప్పినట్లే యిదియును. అట్టి నకలునుండి చేసిన డిస్కు చూచి యొక విద్యార్థి ‘ఈ చిత్రమున వెలుగునీడల పొందిక మోటుగ నున్నది’ అని వ్రాసినచో ఆతని కన్ను తప్పు చెప్పలేదు. ఆతడు నిందించినది మాత్రము సుబ్రత మిత్రను గాదు, పేరు తెలియని యొక నకలుకారుని. ఇట్టి నింద శృంగారనైషధమున లేఖకదోషమును శ్రీనాథునకు అంటగట్టుట వంటిది. కావ్యవిషయమున మన మొల్లని తప్పును చిత్రవిషయమున నిత్యము చేయుచున్నాము.

మఱియొక దృశ్యము ‘అపూర్ సంసార్’లోనిది. క్రొత్తగా పెండ్లియైన అపూ, అపర్ణ సినిమాశాలలో కూర్చుండి యొక పౌరాణికచిత్రమును చూచుచుందురు. ఆ తెఱ చతురము కరగి, వా రింటికి మరలుచున్న బండి వెనుకటి కిటికీగా మాఱును. తెఱలోని దేవతలు పోయి వీథి కనబడును. మాటలు లేకయే, ఆ దంపతుల దాంపత్యము కథయో నిజమో అను సందేహము నొక క్షణకాలము మనలో కలిగించి వదలును. ఇందలి శక్తి యంతయు చతురముయొక్క నాలుగంచులపై నాధారపడియున్నది. ఆ కాలపు చిత్రము వెడల్పు ఎత్తునకు సుమారు 1.37 రెట్లు, నేటి టెలివిజను తెఱ వెడల్పు 1.78 రెట్లు. తెఱ నిండుటకై పైనను క్రిందను కోసి ప్రసారముచేసినచో కిటికీ అంచులు కోతలో పోవును. అప్పుడు మిగులునది రెండు దృశ్యముల నడుమ నొక సాధారణమైన మార్పు మాత్రమే. పద్యపాదమున తుది గణము కోసి ఛందస్సును విమర్శించినట్లగును.

మూలనెగటివు పూర్తిగ నష్టమైనది ఈ ‘అపూర్ సంసార్’కే. కావున నేడు మనము చూచు పరిష్కృతరూపము నకళ్ళ నాధారముగ గొనినది. దానిని ప్రమాణముగ గైకొనవచ్చునా? ఇచ్చట మన సాహిత్యచరిత్ర కొంత వెలుగు చూపును. పోతన భాగవతమున శిథిలమైపోయిన భాగములను పూరించు సందర్భమున గంగన పంచమస్కంధమును, సింగన షష్ఠమును, వెలిగందల నారయ కడపటి రెండు స్కంధములను రచించిరని ప్రసిద్ధి. వారు పూరించినది తమ కవిత్వముతో. ఒకవేళ పోతన వ్రాసిన ఆ భాగములే వేఱొక ఊర వేఱొక ప్రతిలో దొరకియుండినచో దానిని చేర్చుట పూరణము గాదు, పాఠసంధానము. బొలోన్యాలో జరిగినది ఈ రెండవ విధమైన పని. గ్రహింపబడిన నకలు కొంత మసకగ నుండవచ్చును. అందున్న ముఖము మాత్రము రాయ్ ఎదుట నటించిన ముఖమే. ఈ భేదమును మన పాఠకులు గట్టిగ పట్టుకొనవలెనని కోరుచున్నాము, ఏలయన మొదటి విధమగు పూరణమే ఇప్పుడు ప్రబలుచున్నది.

2024 మార్చిలో జేమ్స్ కామెరాన్ తీసిన ‘ది అబిస్’ (1989), ‘ట్రూ లైస్’ (1994) మొదలగు చిత్రములు క్రొత్త డిస్కులుగ వెలువడినవి. పేర్కొనిన ఆ రెండును అమెరికాలో అంతకుముందు బ్లూరే రూపమున రానే లేదు గనుక అభిమానులు చాలకాలము వానికై ఎదురుచూచిరి. తీరా వచ్చిన పిదప వారిలో పలువురు పెదవి విఱిచిరి. కంప్యూటరు సాయమున ఫిల్ములోని సహజమైన నూగును తుడిచి అంచులకు పదును పెట్టుటచే నటుల ముఖములు మైనపుబొమ్మలవలె నున్నవని వారి ఆక్షేపణ. దర్శకుడు జీవించియుండి సమ్మతించిన ప్రతిపై ఈ ఆక్షేపణ వచ్చుట గమనింపదగినది. అభిమానులలో నిగనిగలాడు బొమ్మనే మేలుబొమ్మ యనుకొనువారును లేకపోలేదు. డిస్కుపెట్టె అందమును వర్ణించుటలో పుటలు నింపు వారినిగూర్చి మేము చెప్పబోము. కాని ఆ మైనపుముఖములను గుర్తించినవారిది శిక్షితమైన కన్ను. యంత్రము లేని వివరమును కల్పించి పెట్టినపుడు అది పోతనలోనికి పేరు చెప్పకుండ దూఱిన నారయ యగును. నారయ తన పేరు చెప్పుకొనెను, యంత్రము చెప్పదు.

కర్తయే తన కృతిని మార్చినచో నేమందుము? జార్జి లూకాసు తాను 1977లో తీసిన ‘స్టార్ వార్స్’ను 1997లో మార్చి మరల విడుదలచేసెను. మొదటి రూపము 2006లో డి.వి.డి.కి అనుబంధముగ మాత్రమే, అదియు పాత లేజరుడిస్కు కొఱకు చేసిన మాతృకనుండి, వెలువడెను. ఇది మనకు క్రొత్త సమస్య కాదు. గురజాడ ‘కన్యాశుల్కము’ 1897 నాటి కూర్పు వేఱు, 1909 నాటి కూర్పు వేఱు. రెండవదియే ప్రచారమున నున్నను, మొదటిదానిని చదువకుండ గురజాడ శిల్పపరిణామమును గూర్చి యెవరైన వ్రాసినచో మనము హర్షింపము. మార్చుటకు కర్తకు హక్కు గలదు. మొదటి కూర్పును చదువరికి దక్కకుండ జేయు హక్కు గలదని మేము తలంపము.

తెలుగు చిత్రములకు వచ్చినపుడు ‘మాయాబజార్’ నుదాహరింపవచ్చును. కె. వి. రెడ్డి దర్శకత్వమున 1957లో వెలువడిన ఈ చిత్రము 2010 జనవరిలో రంగులద్దబడి, శబ్దమును నేటి పద్ధతికి మార్చుకొని థియేటర్లలో విడుదలయ్యెను. జనులు ఆదరించిరి. నలుపుతెలుపు ప్రతియు లుప్తము కాలేదు. ఇక మార్కస్ బార్ట్లే చిత్రించిన నౌకావిహారదృశ్యమును గూర్చి యొక పరిశోధకుడు వ్రాయుననుకొందము. ఆ వెన్నెల కీర్తి యంతయు నలుపుతెలుపుల మేళవింపులో పుట్టినది. రంగులప్రతిలోని నీలిమ అర్ధశతాబ్దమునకు పిమ్మట వేఱొకరు నిర్ణయించిన వర్ణము. ఏ ప్రతిని చూచి వ్రాసెనో చెప్పనిచో ఆ పరిశోధకుని ప్రశంస బార్ట్లేకు చెందినదో, రంగులద్దినవారికి చెందినదో ఎట్లు తెలియును? మన తొలి పూర్తి టాకీ ‘భక్తప్రహ్లాద’ (1932) విషయమున ఈ వివాదమునకు తావే లేదు. ప్రతియే దొరకుటలేదు.

రాయ్ చిత్రములలో కొన్నింటికై ఇంత దీర్ఘకాలము ఎదురుచూడవలసి వచ్చుటకు ఒక కారణము వాని యాజమాన్యము చెదరియుండుట. ‘పథేర్ పాంచాలి’కి ధనమిచ్చినది పశ్చిమబెంగాలు ప్రభుత్వము. ‘నాయక్’, ‘చారులత’ ఆర్. డి. బన్సల్ నిర్మించినవి. ‘శత్రంజ్ కే ఖిలాడీ’ సురేశ్ జిందాల్‌ది. ‘ఘరే బాయిరే’ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థది. వ్రాతప్రతులు జమీందారుల పెట్టెలలో, మఠములలో, పురోహితుల ఇండ్లలో విడివిడిగ నుండుటవంటిదే ఇది. బ్రౌనుదొర పండితులను నియోగించి ప్రతులను సేకరింపించి సరిచూపించినట్లు ఇచ్చటను ఎవరో యొకరు గడపగడపకు తిరుగవలెను. క్రైటీరియన్ వారు ‘జల్సాఘర్’ను 2011లోను, ‘మహానగర్’, ‘చారులత’లను 2013లోను, ‘నాయక్’ను 2018లోను, ‘దేవి’ని 2021లోను డిస్కులుగ ప్రకటించిరి. ‘ప్రతిద్వంది’ మన జాతీయభాండాగారపు కృషితో పునరుద్ధృతమై 2022లో కాన్ ఉత్సవమున కనబడెను. ‘అరణ్యేర్ దిన్ రాత్రి’ (1970) అట్లే 2025 మేలో అచ్చట ప్రదర్శింపబడెను. దాని మూలనెగటివు నిర్మాతల కుటుంబము కాపాడినది గనుకనే ఆ పని సాధ్యమయ్యెను.

బెంగాలీ రాని తెలుగువానికి మఱియొక చిక్కు గలదు. ఆతడు చదువునది తెఱ అడుగున సాగు ఆంగ్లానువాదము. బిభూతిభూషణుని నవలను మద్దిపట్ల సూరి తెనుగున చదివినవానికి ఆ రెండు పంక్తుల ఆంగ్లము ఎంత సన్ననిదో తెలియును. పల్లెటూరి ముసలిది ఇందిర్ ఠాకురాణి పలుకుబడి, సర్వజయ దెప్పిపొడుపు ఒకే మందకొడి ఆంగ్లములో దిగును. ఈ అనువాదము వ్యాఖ్యానము వంటిది, డిస్కు మాఱినపుడు ఇదియు మాఱును. సంభాషణలను విమర్శించువాడు మూలభాష యెఱిగినవాని సాయము పొందుట విధి. పొందనిచో, తాను చదివినది అనువాదమని స్పష్టముగ వ్రాయవలెను.

ఇట్టి పట్టింపు పరిశోధకునిపై భారమగునని, మంచి ప్రతులు విదేశములందు వెలగలవై యున్నవని, మన గ్రంథాలయములకు అవి దుర్లభములని ఆక్షేపింపవచ్చును. అందు సత్యము గలదు. పేదవిద్యార్థి దొరకిన ప్రతితోనే పనిచేయును; మన పూర్వపండితులును దొరకిన ప్రతితోనే పనిచేసిరి. ఏకైకప్రతి నాధారముగ గొని ప్రకటించిన కావ్యము లెన్నియో గలవు. కాని వారు ‘ఏకైకప్రతి, నడుమ పది పత్రములు లేవు’ అని వ్రాసిరి. హీనప్రతి చూచుట దోషము గాదు. దాని హీనతను చెప్పకుండ దానిపై తీర్పు నిలుపుట దోషము.

కావున చలనచిత్రవిషయకమైన సిద్ధాంతవ్యాసములందు ప్రతినిర్దేశమున కొక ప్రకరణము నియతముగ నుండవలెనని మేము శాఖాధ్యక్షులకు, పరీక్షకులకు విన్నవించుచున్నాము. చూచిన ప్రతి ఏది, ఎవరు ఏ సంవత్సరమున వెలువరించిరి, నిడివి యెంత, చతురముయొక్క ప్రమాణ మెంత, రంగు మూలమునం దున్నదా తరువాత అద్దినదా, అనువాద మెవరిది అను నంశములకు రెండు పుటలు చాలును. ప్రాచీనకావ్యమును ఎన్నుకొనిన విద్యార్థిని మనము వ్రాతప్రతుల భాండాగారమునకు పంపుదుము. చలనచిత్రము నెన్నుకొనినవానిని పూనాలోని జాతీయ చలనచిత్ర భాండాగారమునకు పంపుట అట్లే ఆచారము కావలెను. ఆతడు అచ్చట ప్రింటు చూచి వచ్చి, తన ఇంటి డిస్కులో ఎన్ని నిమిషములు తగ్గెనో లెక్కవేసి, ఆ లెక్కతోనే వ్యాసము నారంభింపవచ్చును.